రెండు డిగ్రీలు కుడికి

ఫిల్మ్‌నగర్‌లో మేముండే ఇంటి డాబా మీద, వాటర్ ట్యాంకు నీడలో ఒక పాత చెక్కబల్ల ఉంది. నా మొదటి రేడియో కంట్రోల్ విమానానికి ఇంజిను బిగించింది ఆ బల్ల మీదే. మూలమట్టం పెట్టి చూశాను. రసమట్టం పెట్టి చూశాను. ఎటు నుంచి చూసినా ఇంజిను వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. ముక్కుసూటిగా కూర్చుంది. ఆ రాత్రి దాన్ని చూసుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆదివారం పొద్దున్నే శంకర్‌పల్లి దారిలో ఒక రైతు అనుమతి ఇచ్చిన ఖాళీ చేలోకి తీసుకెళ్ళి త్రాటిల్ పూర్తిగా పెంచాను. విమానం పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఎడమకు తిరిగింది. రడ్డర్‌తో కుడికి లాగాను. గాలిలోకి లేచాక కూడా ఎడమకే పోతోంది. ట్రిమ్ మీట కుడికి నొక్కుతూ నొక్కుతూ చివరికి తిన్నగా పోయేలా చేశాను. హమ్మయ్య అనుకున్నాను. దించుదామని త్రాటిల్ తగ్గించానో లేదో, ఈసారి కుడికి తిరగడం మొదలుపెట్టింది. నేను తేరుకునేలోపే గట్టు మీది తుమ్మచెట్టుకు కొట్టుకుంది. ముక్కు విరిగింది.

నాతో వచ్చిన మాస్టారు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఏళ్ళ తరబడి ఏరోమోడలింగ్ నేర్పి రిటైరైన మనిషి. విరిగిన ముక్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగారు.

"ఇంజిన్ తిన్నగా బిగించావా?"

"అవును మాస్టారూ. కొలిచి మరీ బిగించాను."

"అందుకే వంకరగా పోయింది."

ఆ మాట నాకు విమానం విషయంలో ఆ పూటే అర్థమైంది. నా విషయంలో అర్థం కావడానికి మరో రెండేళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఇంజిను సంగతి. వెనక నుంచి చూస్తే ఈ విమానాల ప్రొపెల్లర్ గడియారం ముళ్ళు తిరిగే వైపుకే తిరుగుతుంది. ఇంజిను దాన్ని అటు తిప్పుతుంటే, అది ఇంజిన్ని, ఇంజిన్‌తోపాటు విమానం మొత్తాన్నీ ఇటు తిప్పాలని చూస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్ స్విచ్ నొక్కగానే మణికట్టును ఒక్క గుంజు గుంజుతుంది కదా, అదే ఇది. పైగా ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి తిన్నగా పోదు. సుడి తిరుగుతూ విమానం ఒంటిని చుట్టుకుని పోయి, తోక మీది నిలువు రెక్కను ఎడమ వైపు నుంచి కొడుతుంది. తోక కుడికి జరుగుతుంది, ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఇంజిను ఎంత బలమైనదైతే ఈ లాగుడు అంత ఎక్కువ. ఇంజిన్లో లోపం ఉండి ఇలా జరగదు. అది బాగా పనిచేస్తోంది గనకే జరుగుతుంది.

అందుకని తెలిసినవాళ్ళు ఇంజిన్ని ముక్కుసూటిగా బిగించరు. ఓ రెండు డిగ్రీలు కుడికి తిప్పి బిగిస్తారు. బల్ల మీద వంకరగా ఉన్న ఇంజిను గాలిలో విమానాన్ని తిన్నగా తీసుకుపోతుంది.

మరి నేను ట్రిమ్‌తో సరిచేశాను కదా, అదెందుకు చాలలేదు? రడ్డర్‌ను ఒకసారి కుడికి పెట్టి వదిలేస్తే, అది ఇంజిను జోరు మీదున్నా నెడుతుంది, జోరు తగ్గినా నెడుతుంది. నేను త్రాటిల్ తగ్గించగానే ఎడమ లాగుడు పోయింది. కుడి నెట్టుడు మాత్రం మిగిలిపోయింది. తుమ్మచెట్టుకు కొట్టింది ఆ మిగిలిపోయిన దిద్దుబాటే. అదే రెండు డిగ్రీలు ఇంజిన్లోనే పెట్టి ఉంటే, జోరు పెరిగినప్పుడు దిద్దుబాటూ పెరిగేది, తగ్గినప్పుడు అదీ తగ్గేది. మనిషిని దిద్దుకోవడం గురించి ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ పుస్తకమూ నాకింత స్పష్టంగా చెప్పలేదు.

నేను సినిమాలకు మాటలు రాస్తాను. ఎదుటి మనిషి కథ చెబుతుండగానే అందులో ఎక్కడ అతుకు ఊడుతుందో నాకు కనిపిస్తుంది. అది నా ఇంజిను. దాన్ని చూసే నన్ను కథా చర్చలకు, మా భాషలో సిట్టింగ్స్‌కు, పిలుస్తారు. నేను ముక్కుసూటి మనిషినని నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఒకసారి జూబ్లీహిల్స్‌లోని ఒక ఆఫీసులో ఒక కుర్ర దర్శకుడు తన మొదటి కథ చెబుతున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, "ఈ ఇంటర్వెల్ నిలబడదు" అన్నాను. కారణాలు కూడా వరసగా చెప్పాను. అవన్నీ సరైనవే. అతను తలూపాడు. తర్వాత గంటన్నర కథ చెప్పాడు గానీ, ఆ గొంతులో మొదటి ఇరవై నిమిషాల వెలుగు లేదు. మర్నాటి సిట్టింగ్‌కు నాకు ఫోన్ రాలేదు. ఆ సినిమా వేరే రచయితకు వెళ్ళింది.

అప్పుడు నేనేం చేశానో చూడండి. ట్రిమ్ మీట నొక్కాను. ఇకమీదట సిట్టింగ్‌లో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కొన్ని నెలలపాటు అందరికీ మంచివాణ్ణయ్యాను. అదే కాలంలో ఇంకో కథలో ఒక పెద్ద అతుకు ఊడిపోతూ ఉండటం స్పష్టంగా చూశాను. చూసీ మాట్లాడలేదు. నిర్మాత నాకు డబ్బిచ్చిందే ఆ కన్ను కోసం. సినిమా ఆ అతుకుతోనే పూర్తయింది, అక్కడే ఆగిపోయింది. కుర్ర దర్శకుడి దగ్గర నేను చేసింది ఎడమకు తిరగడమైతే, ఇది తుమ్మచెట్టు.

మనలో చాలామంది తమను తాము దిద్దుకునే పద్ధతి ఇదే. కోపం ఎక్కువని తెలిస్తే అసలు పట్టించుకోవడమే మానేస్తారు. ఖర్చు ఎక్కువైందని తెలిస్తే పిల్లల పుట్టినరోజుకు కూడా చెయ్యి ముడుచుకుంటారు. అన్నిటికీ సరేనంటున్నానని గ్రహించినవాడు ఆ నెలంతా అందరికీ లేదని చెబుతాడు. జోరున్నప్పుడు అవసరమైన దిద్దుబాటును, జోరు లేనప్పుడు కూడా బిగించి ఉంచుతారు. మీ సుగుణాన్ని అణచకండి. అది ఏ క్షణంలో పనిచేస్తుందో ఆ క్షణంలోనే, దానితోపాటే కదిలే చిన్న మలుపు ఒకటి దానికి పెట్టండి. నాకు దొరికిన రెండు డిగ్రీలు ఇవి: కథలో లోపం కనబడి నోటిదాకా మాట వచ్చినప్పుడు, ఆ మాటకంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. "ఈ కథలో మీరు దేన్ని వదులుకోలేరు?" అంతే. లోపం కనబడకపోతే ఆ ప్రశ్న అవసరమే రాదు. కనబడితే ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోంచే నా మాట మొదలవుతుంది. చెప్పే లోపం అదే, కానీ ఇప్పుడది అతను కాపాడుకోవాలనుకునే దాని పక్షాన నిలబడి చెప్పినట్టుంటుంది.

రెండు డిగ్రీలంటే ఎంతో తెలుసా? ఇంజిన్ మౌంట్ వెడల్పు అయిదు సెంటీమీటర్లనుకోండి. ఎడమ వైపు బోల్టుల కింద రెండు మిల్లీమీటర్లకు కూడా తక్కువ ఎత్తు లేపితే చాలు. మామూలు ఇనప వాషర్లు, ఒకదాని మీద ఒకటి. మాస్టారు జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టినవి అవే. ఇంకో సంగతి కూడా చూపించారు. ఇంజిన్ని ఉన్నచోటే కుడికి తిప్పితే ముందున్న ప్రొపెల్లర్ ముక్కు మధ్య నుంచి కుడికి జరిగిపోతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అందుకని మౌంట్‌ను ముందే కొంచెం ఎడమకు జరిపి బెజ్జాలు వేయాలి. ప్రొపెల్లర్ పదకొండు సెంటీమీటర్లు ముందుంటే నాలుగు మిల్లీమీటర్ల మేర ఎడమకు. అప్పుడు ఇంజిను లోపల వాలి ఉన్నా, ప్రొపెల్లర్ మీది టోపీ, అంటే స్పిన్నర్, ముక్కు మధ్యలో చక్కగా కూర్చుంటుంది. బయటివాళ్ళకు ఏ వంకరా కనిపించదు. మిమ్మల్ని మీరు దిద్దుకుంటున్నారని ఊరందరికీ ప్రకటించాల్సిన పని లేదు.

మీ లాగుడు ఎటో తెలుసుకోవడం ఎలా? బల్ల మీద ఉన్న ఇంజిన్ని ఎంతసేపు చూసినా తెలియదు. పూర్తి జోరులో పరుగెత్తినప్పుడే బయటపడుతుంది. అది కూడా వెనక నుంచి చూసేవాడికి. కాబట్టి "నాలో లోపాలు చెప్పండి" అని ఎవర్నీ అడగకండి. మొహమాటానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. మీరు బ్రహ్మాండంగా పనిచేసిన రోజు ఒకటి గుర్తు చేసుకోండి. ఆ రోజు మీ పక్కన పనిచేసిన ముగ్గుర్ని పట్టుకుని, "ఆ రోజు నాతో పనిచేయడం ఎలా అనిపించింది?" అని అడగండి. మా ఇంట్లో నేనిలా అడిగినప్పుడు నా భార్య ఒక్క క్షణం ఆగి, "నువ్వు బాగా రాసిన రోజు ఇంట్లో ఎవరం మాట్లాడకూడదు" అంది. నా చెడ్డ రోజుల గురించి నాకు తెలుసు. నా మంచి రోజులు ఇంటిని ఎటు లాగుతున్నాయో ఆ పూటదాకా తెలియదు.

ఈ చుట్టుపక్కల రోజూ కనిపించేవాళ్ళనే చూడండి. అందరికంటే ముందు సెట్‌కు వచ్చి అందరికంటే చివర వెళ్ళే అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటాడు. అతని కష్టం అతన్ని ఏ పనీ ఇంకొకరి చేతిలో పెట్టనీయదు. పదేళ్ళయినా అన్నీ తనే మోస్తుంటాడు. అతనికి కావలసింది కష్టం తగ్గించుకోవడం కాదు, రోజుకు ఒక్క పనిని కావాలని కుర్రాడికి అప్పగించడం. ఒక్కొక్క ఫ్రేమూ చెక్కే ఎడిటర్‌కు ఆ చెక్కుడే రిలీజ్ తేదీని మింగేస్తుంది. మొదలుపెట్టే ముందే "ఈ సీనుకు మూడు గంటలు" అని కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకుంటే అది అతని వాషర్.

అమెరికాలో రైట్ సోదరులకు కూడా ఇలాంటి చిక్కే వచ్చింది. వాళ్ళ మెకానిక్ చార్లీ టేలర్ తయారుచేసిన 12 హార్స్‌పవర్ ఇంజిన్ని కింది రెక్క మీద పైలట్‌కు కుడివైపున బిగించారు. అది మనిషికంటే బరువు. దాంతో విమానం కుడికి ఒరుగుతుంది. ఆ అన్నదమ్ములు కుడి రెక్కను ఎడమదానికంటే సుమారు 4 అంగుళాలు పొడవుగా చేశారు. 1903 డిసెంబర్ 17న మనిషిని మోసుకుంటూ 12 సెకన్లపాటు ఎగిరిన ఆ మొదటి విమానం రెక్కలు రెండూ సమానమైనవి కావు. ఫొటోలో చూస్తే ఆ తేడా తెలియనే తెలియదు.

ఇక ఇంజిను వెనకుండే గోడ సంగతి. ఇంజిను బిగించే పలకను ఫైర్‌వాల్ అంటారు. మిగతా విమానమంతా బాల్సా. గోరుతో గుచ్చితే గుంట పడేంత మెత్తటి చెక్క. ఆ ఒక్క పలక మాత్రం ఆరు మిల్లీమీటర్ల గట్టి ప్లైవుడ్. నా విమానంలో ఉన్నది 46 సైజు ఇంజిను, అంటే ఏడున్నర సీసీ. సైలెన్సర్‌తో కలిపి అరకిలో బరువు. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరుగుతుందంటే సెకనుకు రెండు వందల కుదుపులు. ఆ కుదుపులన్నీ ఆ గోడ తాగాలి.

చెక్కలోకి నేరుగా స్క్రూలు బిగిస్తే కొద్దిరోజుల్లోనే బెజ్జాలు వదులై ఊడిపోతాయి. అందుకే బ్లైండ్ నట్లు వాడతారు. గోడ వెనక నుంచి పెట్టే నట్లు అవి. వాటికి చిన్న చిన్న పళ్ళుంటాయి. ముందు నుంచి బోల్టు తిప్పేకొద్దీ ఆ పళ్ళు చెక్కలోకి దిగి పట్టుకుంటాయి. బోల్టు వదులు కాకుండా దాని మీద ఒక చుక్క లాక్‌టైట్ వేయాలి. అన్నీ అయ్యాక ముందు నుంచి చూస్తే మెరిసే ఇంజిను, నాలుగు బోల్టు తలలు కనిపిస్తాయి. పట్టుకుని ఉన్నవి మాత్రం వెనక, చీకట్లో ఉంటాయి. మీ జీవితంలో ఆ వెనక ఉన్నవాళ్ళు ఎవరో ఒక్కసారి లెక్క పెట్టుకోండి. నెలకోసారి వాళ్ళతో తీరిగ్గా కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, వాళ్ళ కబుర్లే వినండి.

ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు మనం ఇంజిను సైజు ఒక్కటే మాట్లాడతాం. సినిమా అవకాశాల కోసం వచ్చి కృష్ణానగర్ గదుల్లో ఉంటున్న కుర్రాళ్ళలో ఇంజిను లేనివాడు అరుదు. రాయడం వచ్చు, నటించడం వచ్చు, పాడటం వచ్చు. గోడ లేక పోతుంటారు. గోడంటే నా ఉద్దేశంలో నిద్ర. గోడంటే చేతిలో ఆరు నెలల ఇంటద్దె. గోడంటే అవకాశం రాని రోజున కూడా చేసే ఒక పని. మా వృత్తిలో డబ్బు వరసగా రాదు. అడ్వాన్సు వస్తుంది, తర్వాత వాన కోసం చూసినట్టు చూడాలి. మొదటి చెక్కు రాగానే బైకు కొనే కుర్రాడికి నేను చెప్పేది ఒకటే. తమ్ముడూ, ముందు అద్దె పక్కన పెట్టు. అద్దె భయం ఉన్నవాడు చెత్త కథకు కూడా సరేనంటాడు.

గోడ కట్టడం అంటే నాకు అక్కినేని నాగేశ్వరరావు గుర్తొస్తారు. 1944లో 'శ్రీ సీతారామ జననం'తో కథానాయకుడై, మూడు దశాబ్దాలు జోరుగా సాగిన మనిషి 1974లో గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. విశ్రాంతి తీసుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అప్పుడాయన జూబ్లీహిల్స్ బండల మధ్య 22 ఎకరాల్లో స్టూడియో తలపెట్టారు. 1976 సంక్రాంతికి అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. ఇవాళ ఆ దారిలో వెళుతుంటే అక్కడంతా కొండరాళ్ళుండేవంటే నమ్మడం కష్టం. రంగస్థలం మీద ఆడవేషాలు కట్టిన సుకుమారమైన మనిషి ఆయన. పౌరాణికాల్లో రాముడిగా, కృష్ణుడిగా ఎన్టీఆర్‌కు ఉన్న విగ్రహం తనకు లేదని ఎరిగినవారు. ఆ సుకుమారాన్ని దాచుకోవాలని చూడకుండా 'దేవదాసు' లాంటి సాంఘికాల వైపు నడిపించారు. తన బలం తనను ఎటు తీసుకుపోతుందో, ఎటు తీసుకుపోదో అంత బాగా తెలిసినవాళ్ళు ఈ పరిశ్రమలో తక్కువ. ఆపరేషన్ తర్వాత మరో దాదాపు నలభై ఏళ్ళు బతికి, 2014లో వెళ్ళిపోయేదాకా నటిస్తూనే ఉన్నారు.

గోడకు ఒక శత్రువుంది, అది దెబ్బ మాత్రం కాదు. దెబ్బ తగిలితే కనిపిస్తుంది, అతికిస్తాం. అసలు శత్రువు నూనె. ఈ ఇంజిన్ల ఇంధనంలో మెథనాల్‌తోపాటు ఆముదం కూడా కలుపుతారు. మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే. ఇంజిను తిరిగేటప్పుడు వచ్చే కాలిన ఆముదం వాసన నాకు ఇప్పుడు గుడిలో కర్పూరం వాసనంత ఇష్టం. కానీ ఆ నూనె ప్రతిసారీ కొద్దికొద్దిగా గోడ మీద పడుతుంది. అంచుల్లోంచి చెక్కలోకి ఇంకుతుంది. లోపలి జిగురు మెత్తబడుతుంది. ఒకరోజు ఏ కారణమూ లేకుండా, మంచి వాతావరణంలో, మామూలు మలుపులో ఇంజిను గోడతో సహా ఊడి వస్తుంది. అందుకే మొదటిరోజే, అంతా కొత్తగా మెరుస్తున్నప్పుడే, గోడ మొత్తానికి, బెజ్జాల లోపలి అంచులకు కూడా ఎపాక్సీ పూత వేయాలి. నూనె ఇంకిన తర్వాత ఏ జిగురూ పట్టదు.

మంచి రోజుల్లో రోజూ పడే నూనె చుక్కలు మా వీధుల్లో చాలా ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా సాగే కబుర్లు. పక్కవాడి సినిమా పోయిందని చెప్పుకోవడంలో ఉండే చిన్న ఆనందం. "మీరు గొప్పవారు సార్" అని రోజూ ఫోన్ చేసే ఒక మనిషి. ఏ ఒక్కటీ మనిషిని కూల్చదు. పూత ముందే వేసుకోండి. నా పూత రాత్రి పదిన్నరకు ఫోన్ వేరే గదిలో పెట్టడం. ఎంత చిన్న సంగతో చూడండి. నా చదువు తిరిగి నాకు దక్కింది దానివల్లే.

కొత్త ఇంజిన్ని ఎలా వాడాలన్నది నేను అందరికంటే ఎక్కువగా మొదటి హిట్ వచ్చినవాళ్ళకు చెప్పాలనుకునే విషయం. కొత్త ఇంజిన్ని బిగించగానే పూర్తి జోరులో తిప్పకూడదు. నీడిల్ వాల్వ్ బాగా వదులు చేసి, కావలసినదానికంటే ఎక్కువ ఇంధనం పోయేలా పెట్టి, కొన్ని ట్యాంకులు అలా తిప్పాలి. పొగ వస్తుంది, నూనె కారుతుంది, శబ్దం గరగరమంటుంది. చూసేవాళ్ళు "ఇదేం ఇంజిన్ బాబూ" అంటారు. ఆ సమయంలోనే లోపల పిస్టనూ సిలిండరూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఆ తర్వాత కూడా నీడిల్‌ని గరిష్ఠ జోరు దగ్గర వదిలేయరు. గరిష్ఠం ఎక్కడో చూసి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి తిప్పుతారు. ఎందుకంటే నేల మీద చక్కగా కూత వేసిన ఇంజిను, గాలిలో ముక్కు పైకెత్తినప్పుడు ఇంధనం అందక వేడెక్కి ఆగిపోతుంది. ఆ కొంచెం వెనక్కి తిప్పడం, పైకి ఎక్కేటప్పటి కోసం.

కాల్‌షీట్లన్నీ నిండిపోయేలా సినిమాలు ఒప్పుకునేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. వాళ్ళు నేల మీద కూత విని మురుస్తున్నారు. ఆరోగ్యం తేడా చేసిన రోజు, ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోయిన రోజు, షెడ్యూల్ తారుమారైన రోజు ముక్కు పైకెత్తాల్సి వస్తుంది. నేను వారంలో ఒక పూట ఏమీ రాయకుండా ఖాళీగా పెట్టుకుంటాను. ఆ పూట ఏ అవసరం వస్తుందో నాకు ముందే తెలియదు. ఏదో ఒకటి వస్తుంది.

జోరుకంటే నిలకడను నమ్మిన మనిషి మేనార్డ్ హిల్. అమెరికన్. 2003 ఆగస్టులో ఆయన బృందం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం నుంచి ఒక మోడల్ విమానాన్ని వదిలింది. ఇంధనంతో కలిపి అయిదు కిలోల లోపు బరువు. 38 గంటల 52 నిమిషాలు ఎగిరి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, ఐర్లండ్‌లో దిగింది. దూరం 3,000 కిలోమీటర్ల పైమాట. అందులో బిగించింది నాలాంటి వాళ్ళు కూడా కొనుక్కోగల జపాన్ ఇంజినే. ఓ.ఎస్. కంపెనీవారి పది సీసీ ఫోర్ స్ట్రోక్.  ఆయన దాన్ని గంటల తరబడి విప్పి, మార్చి, పొదుపుగా చుక్క చుక్క తాగేలా తయారుచేశారు. అంతకుముందు ఏడాది పంపినవి గమ్యం చేరలేదు. అయినా మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నారు. అప్పటికి ఆయన వయసు 77, చూపు దాదాపు పోయింది. ఎప్పుడైనా నిరుత్సాహం కలిగితే నేను ఆ వేళ్ళను ఊహించుకుంటాను. కనబడని బోల్టును తడిమి వెతుక్కునే ముసలి వేళ్ళు.

మన పరిశ్రమకు సంబంధించిన వేళ్ళూ ఉన్నాయి. సికింద్రాబాద్‌లో పుట్టి తమిళంలో పెద్ద హీరో అయిన అజిత్ కుమార్‌ది ఇదే అభిరుచి. చదువు మధ్యలో ఆపి మెకానిక్ పని నేర్చుకున్నవాడాయన. తెలుగులో కథానాయకుడిగా చేసింది 1993 నాటి 'ప్రేమ పుస్తకం' ఒక్కటే. నిర్మాణంలో ఉండగానే దర్శకుడు గొల్లపూడి శ్రీనివాస్ మరణించగా, తండ్రి గొల్లపూడి మారుతీరావు పూర్తిచేసిన సినిమా అది. అజిత్ తర్వాతి రోజుల్లో మోడల్ విమానాలు తయారుచేసి ఎగరేసే పనిని ఎంత శ్రద్ధగా పట్టుకున్నారంటే, 2018లో చెన్నైలోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల 'దక్ష' డ్రోన్ బృందానికి సలహాదారుగా నిలిచారు. ఆ బృందం ఆ ఏడాది ఆస్ట్రేలియాలో జరిగిన వైద్య సేవల డ్రోన్ పోటీలో రెండో స్థానం సాధించింది.

ఒక హీరోకు ఇది ఎందుకు అవసరమో నేను చెప్పగలను. ఆయన ఏం చేసినా చప్పట్లు కొట్టేవాళ్ళు చుట్టూ ఉంటారు. బోల్టుకు హీరో ఎవరో తెలియదు. సరిగ్గా బిగించకపోతే ఊడుతుంది. మీ పేరు, మీ హోదా, మీ గత విజయాలు ఏమీ తెలియని ఒక పనిని మీ జీవితంలో పెట్టుకోండి. వంట కావచ్చు, మొక్కలు కావచ్చు, వీణ కావచ్చు. అది మీకు రోజూ నిజం చెబుతుంది.

ఈ అభిరుచి మీకూ నచ్చితే ఒక మాట. జూబ్లీహిల్స్‌లో డాబా మీద నుంచి ఎగరేసే ఆలోచన పెట్టుకోకండి. బేగంపేట విమానాశ్రయం మనకు దగ్గర. 2021 డ్రోన్ నిబంధనలు ఈ మోడళ్ళకూ వర్తిస్తాయి. ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకుని, ఊరి బయటికి వెళ్ళి, కంటిచూపు మేరలోనే ఎగరేయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు చేతివేలు ప్రొపెల్లర్ దగ్గరికి పోకూడదు. స్టార్ట్ అయ్యాక విమానం వెనక్కి వెళ్ళాకే నీడిల్ తిప్పాలి. పిల్లలకు మొదట నేర్పాల్సింది ఇదే.

నా రెండో విమానానికి ఇంజిను బిగించేటప్పుడు మాస్టారు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఒక్క మాట కూడా సాయం చేయలేదు. ఎడమ వైపు రెండు బోల్టుల కింద రెండేసి వాషర్లు పెట్టాను. ఇది రెక్క పైన ఉండే విమానం. జోరు పెంచగానే ముక్కు పైకి లేపుతుంది. అందుకని పై బోల్టుల కింద ఇంకొక్కొక్కటి కలిపాను, ముక్కు కొంచెం కిందికి చూసేలా. బెజ్జాలను నాలుగు మిల్లీమీటర్లు ఎడమకు వేశాను. గోడకు ఎపాక్సీ రెండు పూతలు వేశాను. ఇంజిను బరువుకు ముక్కు వాలుతుంటే బ్యాటరీని వెనక్కి జరిపాను. రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్ళ మీద లేపితే నిలకడగా నిలబడింది. మూలమట్టం తీసుకుని ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఇంజిను వంకరగా ఉంది. మాస్టారు తలూపారు.

శంకర్‌పల్లి చేలో మంచు ఇంకా కరగలేదు. ఇంజిను రెండో తిప్పుకు అందుకుంది, ఆముదం పొగ నేల మీద పరుచుకుంది. త్రాటిల్ పూర్తిగా పెంచాను. రడ్డర్ మీట మీద నా బొటనవేలు సిద్ధంగా ఉంది. దాంతో పని పడలేదు. విమానం తిన్నగా పరుగెత్తి తిన్నగా లేచింది. నాలుగు చుట్లు కొట్టించి, గట్టు వైపు నుంచి తీసుకొచ్చి, త్రాటిల్ పూర్తిగా తగ్గించాను. శబ్దం ఆగిపోయినట్టయింది. విమానం అటూ ఇటూ చూడకుండా తుమ్మచెట్టు పక్క నుంచి వచ్చి దిగింది.

పది గంటలకు ఫిల్మ్‌నగర్‌లో సిట్టింగ్ ఉంది. ఒక అమ్మాయి తన మొదటి కథ చెప్పబోతోంది. మాస్టారిని ఇంటి దగ్గర దించి, చేతులకున్న నూనె కడుక్కుని, మిగిలిన వాషర్ ఒకటి చొక్కా జేబులో వేసుకుని బయల్దేరాను.